లక్ష్మీకాంతరావు దొర అమరుడైన విధంబు

కరీంనగర్,
9 అక్టోబర్ 1961

చిరంజీవి శంకరికి, మనోరమ దొరసాని ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వు లక్సెట్టిపేటలో బీడీలు చుట్టుకుని బతుకుతున్నావనీ, నీకు చదవడం రాయడం వచ్చిందనీ అంతయ్య చెప్పాడు. అంతయ్య గుర్తున్నాడు కదా, మన బొమ్మెనపల్లి గడీలో వెట్టికి వచ్చేవాడు, ఇప్పుడు ఊరి కావల్కారు. అతని మాట నమ్మలేదు. నా దగ్గర ఉన్నప్పుడు ఉప్పుకూ పటికకూ తేడా చెప్పడానికే నాకు రెండు నెలలు పట్టింది.

మీ దొరవారిని, అదే మా ఆయనను, ఇప్పుడు దొర అనకూడదు, కోపం వస్తుంది. రాజేశ్వర్‌రావు గారు అనాలి. ఇంకా ప్రేమ ఉంటే నాయకులు అనాలి. ఖద్దరు కడుతున్నారు. ఆ ఖద్దరుకు గంజి పెట్టడానికి ఇద్దరు మనుషులున్నారు. వచ్చే ఫిబ్రవరిలో ఎన్నికలకు నిలబడుతున్నారు.

అసలు సంగతికి వస్తాను. మామగారి పేరున బొమ్మెనపల్లి దారి మలుపులో ఒక రాయి నిలబెడుతున్నాం. 'రజాకార్ల చేతిలో వీరమరణం పొందిన స్వాతంత్ర్య యోధుడు లక్ష్మీకాంతరావు' అని చెక్కిస్తున్నారు. జనవరిలో మంత్రిగారు వచ్చి తెర తీస్తారు. అంతా సిద్ధమయ్యాక, ఎక్కడో ఒక గుమాస్తాకు పొద్దుపోక, కళ్ళారా చూసిన సాక్షి వాంగ్మూలం కావాలని కాగితం పెట్టాడు. నేను ఇంటి కోడలిని కాబట్టి నా ఒక్క మాట చాలదట. పదమూడేళ్ళ కింద ఆ మధ్యాహ్నం భోజనాల సావిట్లో నువ్వూ ఉన్నావు.

ముసుగులు వేసుకున్న రజాకార్లు వచ్చి పెద్దదొరను కొట్టి పోయారు. ఇంతే, ఒక్క వాక్యం. కింద సంతకం. దానికి నీకు రాజకీయ బాధితురాలని సర్టిఫికెట్టూ, ఐదెకరాల సర్కారు భూమీ ఇప్పిస్తామంటున్నారు. జైల్లో మూడేళ్ళు ఉన్నావు కాబట్టి అర్హత ఉందట. జైలు కూడా ఒక చదువేనని నాకు ఇప్పుడే తెలిసింది. తొందరగా జవాబు రాయి.

మనోరమ


లక్సెట్టిపేట,
20 అక్టోబర్ 1961

దొరసాని గారికి, బీడీల శంకరవ్వ దండాలు.

మీ ఉత్తరం చేరింది. చిరంజీవి అని దీవించారు, సంతోషం. ముప్పై ఆరేళ్ళు వచ్చాయి, ఇప్పటిదాకా చిరంజీవిగానే ఉన్నాను. అది నా తప్పు కాదు, చాలామంది తమ వంతు ప్రయత్నం చేశారు.

నాకు అక్షరాలు నేర్పింది జైల్లో నాతో పాటు ఉన్న ఒక పంతులమ్మ. అందుకే నా తెలుగు పుస్తకం తెలుగులా ఉంటుంది. గడీలో నేర్చుకుని ఉంటే 'బాంచెన్' అనే ఒక్క మాట రాసి ఊరుకునేదాన్ని.

నాకు సర్టిఫికెట్టు ఇప్పిస్తానన్నారు. దొరసానీ, నాకు పేర్లకు కొదవ లేదు. మీ ఇల్లు వదిలి దళంలో చేరాక నిజాం పోలీసులు నన్ను డాకూ అన్నారు. తర్వాత వచ్చిన యూనియన్ మిలటరీ వాళ్ళు టెర్రరిస్టు అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలియదు, నన్ను కొట్టిన సిపాయికీ తెలియదు. దళంలో మా నాయకుడు మాత్రం చదువుకున్నవాడు. 'నువ్వు చేసింది వ్యక్తిగత కక్ష, పోరాటం కిందికి రాదు' అని నన్ను నిలబెట్టి అందరి ముందు ఆత్మవిమర్శ చేయించాడు. ఇప్పుడు మీరు బాధితురాలు అంటున్నారు. నన్ను బాధ పెట్టినవాళ్ళే ఆ మాట అంటున్నారు కాబట్టి నిజమే అయి ఉంటుంది.

ఇన్ని పేర్లు పెట్టినవాళ్ళలో ఒక్కరూ నా మొదటి పేరు ఏమిటని అడగలేదు. మీ పెళ్ళినాడు మీ వెంట పంపినప్పుడు నా పేరు ఆడబాప. అంటే దొరబిడ్డతో పాటు అత్తారింటికి ఇచ్చే దాసి. డాకూ అంటే తప్పా, టెర్రరిస్టు అంటే ఒప్పా అని పెద్దవాళ్ళు వాదించుకున్నారు గానీ, ఆడబాప అనడం తప్పా ఒప్పా అని ఏ కోర్టులోనూ వాదన జరగలేదు.

ఇక ఆ సావడి. మీ జ్ఞాపకశక్తి మీద నాకు గౌరవం ఉంది. కానీ నాకు గుర్తున్నంతవరకు అక్కడ తినే మనిషి ఒకరు, వడ్డించే మనిషి ఒకరు, దంచే మనిషి ఒకరు. ముసుగు వేసుకున్నవాళ్ళు నాకు కనబడలేదు. మీ వంటింటి పొగకు నా కళ్ళు చెడిపోయి ఉంటాయి.

దండాలతో,
శంకరవ్వ


కరీంనగర్,
2 నవంబర్ 1961

శంకరికి,

ఆశీర్వాదాలు రాయాలనిపించలేదు, కాబట్టి రాయడం లేదు.

జైల్లో నీకు అక్షరాలు నేర్పిన పంతులమ్మ పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్పడం మరిచిపోయిందన్నమాట. సరే. ముసుగులు లేవని నువ్వే అన్నావు కాబట్టి తీసే మాట్లాడుకుందాం. అన్నం ముందు కూర్చున్న మనిషిని వెనక నుంచి రోకలితో కొట్టి చంపావు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చేతిలో ముద్ద ఉంది. దీన్ని స్వాతంత్ర్యం అని ఏ పుస్తకంలో రాశారో పేరు చెప్పు, కొనుక్కుని చదువుకుంటాను.

నిన్ను నేను ఎప్పుడైనా కొట్టానా? నా చీరలే కట్టావు. నా దువ్వెనతోనే దువ్వుకున్నావు. నాకు విషజ్వరం వచ్చినప్పుడు మంచం పట్టె పట్టుకుని మూడు రోజులు ఏడ్చావు. బానిసలు అలా ఏడుస్తారా?

నీకొక సంగతి తెలియదు. ఆ రోజు నిజాం పోలీసులు వచ్చి అడిగితే, 'ముసుగు మనుషులు, ఎవరో ఎరగను' అని చెప్పింది నేను. మీ దొరవారు అప్పుడు ఇంట్లో లేరు. చాందా వైపు సరిహద్దు క్యాంపులో దేశం కోసం పోరాడుతున్నారు. క్యాంపు పక్కనే మేనత్తగారి ఇల్లు ఉండటం వల్ల పోరాటానికి రెండు పూటలా భోజనం ఇబ్బంది లేకపోయింది. పోలీసు చర్య అయ్యాక తిరిగి వచ్చి, నేను చెప్పిన ముసుగులకు రజాకార్ల బట్టలు తొడిగింది ఆయనే. అసలు చేసింది ఎవరో ఆయనకు నేను ఇవాళ్టి దాకా చెప్పలేదు.

నా అబద్ధం లేకపోతే నువ్వు ఉరికంబం ఎక్కేదానివి. నీ కోసం పదమూడేళ్ళు మోశాను. దానికి బదులుగా ఒక్క వాక్యం అడిగాను. ఖూనీ కేసు ఎన్నేళ్ళయినా మురిగిపోదని మొన్న మాటల్లో వకీలు అన్నాడు. బెదిరించడం లేదు. లోకజ్ఞానం కోసం రాస్తున్నాను.

మనోరమ


లక్సెట్టిపేట,
15 నవంబర్ 1961

దొరసాని గారికి,

మీ ఉత్తరం కనకికి చదివి వినిపించాను. కనకి నా చెల్లెలు. గుర్తు చేయాల్సి వచ్చింది, ఏమీ అనుకోకండి. మీ రెండు ఉత్తరాల్లోనూ దాని పేరు లేదు. ముద్ద ఉంది, దువ్వెన ఉంది, మేనత్తగారి ఇల్లు కూడా ఉంది, కనకి లేదు.

అందుకని ఆ రోజు ఏం జరిగిందో నేనే రాస్తాను.

ఏప్రిల్ నెల. మీ ఆడబిడ్డ జానకీబాయి గారి పెళ్ళికి నాలుగు రోజులే ఉంది. ఆమె వెంట పంపే సామాను జాబితా తయారైంది. ఇత్తడి గంగాళాలు, పందిరి మంచం, రెండు పాడి బర్రెలు, ఒక ఆడబాప. ఆ ఆడబాప కనకి. దానికి పదమూడేళ్ళు. మా అవ్వ పోయాక, నాలుగేళ్ళ పిల్లను నా కొంగుకు కట్టి మీతో పంపారు. అది అమ్మా అని పిలిచినా అక్కా అని పిలిచినా నేనే. పెద్దదొర పిలిచి సంగతి చెప్పగానే, 'అక్కను ఇడిసి నేను పోను' అంది. ఆ గడీ కట్టిన నాటి నుంచి 'పోను' అనే మాట ఆ గోడలు వినలేదు.

పొద్దున్నే దాన్ని ముంగిట్లో వంగబెట్టించి, వీపు మీద బండరాయి పెట్టించారు. ఎండ ముదిరింది. నేను సావిట్లో మూలన కూర్చుని పెళ్ళి పసుపు దంచుతున్నాను. ద్వారబంధంలోంచి కనకి కనబడుతోంది. మొదట ఏడ్చింది. తర్వాత నీళ్ళడిగింది. తర్వాత అడగడం మానేసింది. అప్పుడే పెద్దదొర భోజనానికి వచ్చి కూర్చున్నారు. మీరు వడ్డిస్తున్నారు. నేను రోకలి వదిలేసి వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను.

'దొరా, పోరి సచ్చిపోతది. జర రాయి దించుమనుండ్రి. దాని బదులు జానకమ్మ ఎంబడి నేను పోత.'

'తిన్నంక సూద్దాం తియ్యే. గీ మామిడికాయ పచ్చడి ఎవలు చేసిండ్రు? ఉప్పెక్కువైంది.'

అదే ఆయన చివరి మాట. రాయి మీద వీరమరణం అని చెక్కిస్తున్నారు కదా. వీరుడి ఆఖరి పలుకు కూడా కింద చెక్కించండి. పచ్చట్లో ఉప్పెక్కువైంది.

నేను లేచి మూలకు వెళ్ళి రోకలి తీసుకుని వచ్చాను. దాని కొసకు ఇనుప పొన్ను ఉంది. ఒక్కటే దెబ్బ. ధైర్యం ఉండి కొట్టలేదు. ఆయన తినడం ఎప్పుడూ నిమ్మళంగా ఉంటుంది, ఆఖర్న పెరుగన్నం, ఆ పైన తాంబూలం. కనకికి అంత వ్యవధి లేదు. నాకు తోచింది ఇంతే. పోరాటం, వర్గం, దేశం, ఇవేవీ అప్పుడు నా బుర్రలో లేవు. ఉన్నాయని చెబితే మా నాయకుడు మెచ్చుకునేవాడు.

రాయి దొర్లించి కనకిని భుజాన వేసుకుని దొడ్డి దర్వాజలోంచి బయటపడ్డాను. ఎండకాలం గోదారి మోకాలి లోతు. దాటేశాను. కనకి బతికింది. నడుము మాత్రం మళ్ళీ నిలవలేదు. ఇరవయ్యారేళ్ళకు ముసలవ్వలా వంగి నడుస్తుంది.

బానిసలు ఏడుస్తారా అని అడిగారు. ఏడుస్తారు. మీకు జ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు ఏడ్చిన మాట నిజమే. మీరు పోతే నన్ను తీసుకుపోయి ఎవరికి ఇస్తారోనని.

ఆ సామాను జాబితా గురించి ఒక్క మాట. గడీలో మున్షీకి ఉర్దూ తప్ప రాదు. తెలుగు రాసే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉండేది. ఎవరిదని నేను అడగను. మీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి దొరసానీ.

శంకరవ్వ


కరీంనగర్,
5 డిసెంబర్ 1961

శంకరీ,

రెండు వారాలు దాటింది నీ ఉత్తరం వచ్చి. నాలుగు జవాబులు రాసి నాలుగూ పొయ్యిలో పెట్టాను. అన్నిట్లోనూ నేను చాలా మంచిదాన్నిగా ఉన్నాను.

ఆ జాబితా రాసింది నేనే. రెండు బర్రెల తర్వాత కనకిని రాశాను. పేరు కూడా రాయలేదు. 'ఆడబాప, ఒకటి.' రాస్తున్నప్పుడు నాకు మనసు చివుక్కుమన్నది దేనికో తెలుసా? ఆ పందిరి మంచం మా పుట్టింటి నుంచి నాతో వచ్చింది. దాన్ని జానకికి ఇచ్చేస్తున్నారని.

కనకి నీళ్ళడిగినప్పుడు చెంబు పట్టుకుని గడప దాకా వెళ్ళాను. మామగారు దగ్గారు. వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ దగ్గారు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు శంకరీ. ఉత్త దగ్గు. నాకు సంకెళ్ళు కూడా అక్కరలేకపోయింది.

ఇక నీకు తెలియని సంగతి ఒకటుంది. ఎవరికీ తెలియదు.

నువ్వు ఆయన వెనక నుంచి వచ్చావు. నేను ఎదురుగా నెయ్యి గిన్నెతో వంగి ఉన్నాను. నువ్వు రోకలి ఎత్తడం చూశాను. నీ చూపు ఆయన తల మీద ఉంది, నా మొహం నీకు కనబడలేదు. 'మామా' అని ఒక్క కేక వేస్తే ఆయన పక్కకు జరిగేవారు. వెయ్యలేదు. నెయ్యి పోస్తూనే ఉన్నాను. అన్నం మీద నెయ్యి నిండి, విస్తరి దాటి నేల మీదికి కారింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా పోశాను.

భయంతో నోరు పెగల్లేదని పదమూడేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అతకలేదు. భయపడ్డ మనిషి గిన్నె పడేస్తుంది.

నువ్వు టెర్రరిస్టువో, స్వాతంత్ర్య యోధురాలివో తేల్చడానికి దేశంలో కమిటీలున్నాయి. నెయ్యి పోసినదాన్ని ఏమంటారు? నాకు ఎన్నెకరాలు ఇస్తారు?

నీ కోసం అబద్ధమాడానని రాశాను, ఆ మాట కొట్టెయ్యి. సంతకం పెట్టకు. పోలీసుల జోలికీ పోకు. నా అబద్ధం ఇన్నాళ్ళూ నీ మెడకు అడ్డంగా ఉంది, ఇక ముందూ ఉండనీ. రాయి నిలబెడితే నిలబెట్టుకోనీ.

మనోరమ


లక్సెట్టిపేట,
18 డిసెంబర్ 1961

మనోరమమ్మకు,

నెయ్యి సంగతి చదివి వినిపిస్తే కనకి గట్టిగా నవ్వింది. 'అయితే దొర నెయ్యిల మునిగి సచ్చిండా ఏందే' అంది. కానీ ఆ పూట ఇద్దరం ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

మీరు చెప్పిన రెండు మాటల్లో ఒకటి విన్నాను. సంతకం పెట్టలేదు. రెండోది వినలేదు. నిన్న ఠాణాకు వెళ్ళాను. అక్కడి జమేదారు మంచివాడే, కుర్చీ చూపించాడు.

'ఏమైందమ్మా? ఎవలన్న కొట్టిండ్రా?'

'లేదు సార్. నేనే కొట్టిన.'

'ఎవలను?'

'బొమ్మెనపల్లి దొరను. సచ్చిపోయిండు.'

ఆయన లేచి నిలబడ్డాడు. 'ఎప్పుడు?'

'పదమూడేండ్లాయె.'

మళ్ళీ కూర్చున్నాడు. 'మరి గిప్పుడొచ్చి చెప్పుడేంది?'

'గిప్పుడే గదా సార్ రాయి నిలబెడుతుండ్రు.'

మొత్తం రాసుకుని, పైవాళ్ళకు పంపుతానన్నాడు. నేనే చదువుకుని సంతకం పెట్టాను. వేలిముద్ర చాలన్నాడు గానీ, సంతకం నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళ జైలు పట్టింది, వాడకపోతే ఎలా?

ఎందుకు చేశానో మీకు చెప్పాలి. ఐదెకరాలు వద్దనడం కష్టం కాదు. రాళ్ళ భూమే ఇచ్చి ఉంటారు. మనిషిని చంపడం మంచిదని నేను అనను. ఆయన చేతిలోంచి ముద్ద జారడం ఇప్పటికీ కళ్ళ ముందు కనబడుతుంది. అన్నం కలుపుకునేటప్పుడు ఒక్కోసారి చెయ్యి ఆగిపోతుంది. దాన్ని పుణ్యం అనమని ఎవరినీ అడగను. కానీ అది నేను చేసిన పని. నా బతుకులో నావి అని చెప్పుకోగలిగినవి రెండే, కనకి, ఆ దెబ్బ. మిగతావన్నీ ఎవరో ఇచ్చినవి, ఎవరో తీసుకున్నవి. ఆ ఒక్కదాన్నీ రజాకార్లకు రాసివ్వడం నా వల్ల కాదు. వాళ్ళు చేసిన పాపాలు వాళ్ళకు చాలా ఉన్నాయి, నాది ఎందుకు కలపడం?

ఠాణాకు పోతానంటే కనకి ఏడుస్తుందనుకున్నాను. 'నేను వంగింది సాలు అక్కా. నువ్వన్న నిలబడు' అంది.

విచారణకు మీ దగ్గరికే వస్తారు, చూసిన మనిషి మీరొక్కరే. నా మాట అబద్ధమంటే నేను ఇంట్లో ఉంటాను. నిజమంటే జైలుకు పోతాను. ఏది చెప్పాలో నేను అడగను. మీ చేత పని చేయించుకోవడం నాకు అలవాటు లేదు.

శంకరవ్వ


కరీంనగర్,
21 జనవరి 1962

శంకరవ్వ గారికి,

విచారణ పదో తారీఖున మా ఇంట్లోనే జరిగింది. పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఊరి తరఫున అంతయ్యను పిలిపించారు, అతను గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు. మీ దొరవారు పడక్కుర్చీలో కూర్చున్నారు. గంజి ఖద్దరు కదా, కూర్చున్నా నిలబడ్డట్టే ఉంటారు.

నేను ఏదీ దాచలేదు. జాబితా, కనకి వీపు మీద రాయి, నీళ్ళ చెంబు, రోకలి, నెయ్యి. 'శంకరవ్వ మీద కేసు రాస్తే నా మీదా రాయండి. చూస్తూ ఊరుకున్నాను' అన్నాను. చెబుతున్నంతసేపూ ఆయన వైపు చూడలేదు. ఆఖర్న చూశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అప్పుడు అర్థమైంది, ఆయనకు ఎప్పటి నుంచో తెలుసు. రోకలి దెబ్బకు చచ్చిన తండ్రి కన్నా రజాకార్ల చేతిలో చచ్చిన తండ్రి పనికొస్తాడని తెలుసు.

ఆఫీసరు కలం మూత పెట్టాడు. 'అమ్మా, గిదంత రాస్తే సారు ఎలక్షన్ ఏంగావాలె?'

'ఎలక్షన్‌కు నేను నిలబడలేదు' అన్నాను.

ఆయన నవ్వారు. 'ఏం ఫికర్ చెయ్యకుండ్రి. కొన్ని దినాల సంది ఆమెకు తలకాయ నొస్తుంది. డాక్టర్ సూస్తుండు. చాయ్ తాగుండ్రి.'

చాయ్ తాగారు. కాగితం తయారైంది. నాకూ చూపించారు. సాక్షి అనారోగ్యం వల్ల పొంతన లేకుండా మాట్లాడింది. లక్సెట్టిపేట బీడీ కార్మికురాలు పేరు కోసం చేయని నేరాన్ని మీద వేసుకుంటోంది. లక్ష్మీకాంతరావు గారిని చంపింది రజాకార్లే. అంటే నేను పిచ్చిదాన్ని, మీరు అబద్ధాలకోరు. నిజం చెప్పిన ఇద్దరికీ చెరొక బిరుదు దొరికింది. మీరు జైలుకు పోవడం లేదు. అందుకు సంతోషించాలో, మీది మీకు దక్కలేదని ఏడవాలో నాకు తెలియడం లేదు.

అంతయ్య వెళ్ళిపోతుంటే వాకిట్లోకి వెళ్ళాను. 'విన్నావు కదా అంతయ్యా' అన్నాను.

'మాకు ఎరుకనే దొరసాని. పద్నాలుగేండ్ల సంది ఊరంత ఎరుకనే. ఏ రజాకారు రాలే, ఏ ముసుగు రాలే, మేం సూడలేదా? మీకు ఎరుకనో కాదో, గదే మాకు ఎరుక లేకుండె.'

మొన్న మంత్రిగారు వచ్చారు, తెర తీశారు. నన్ను తీసుకుపోలేదు. తల నొప్పి కదా. ఎన్నికలయ్యేదాకా గాలి మార్పు కోసం బొమ్మెనపల్లి గడీలో ఉండమన్నారు. పనివాళ్ళను పంపుతామన్నారు. వద్దన్నాను. ఇకపై ఆ చిరునామాకు రాయండి.

మనోరమ


లక్సెట్టిపేట,
20 ఫిబ్రవరి 1962

మనోరమకు,

నువ్వు 'గారు' అని రాశావు కదా, ఆ సంతోషంలో నేను నీ పేరు వెనక ఉన్నవన్నీ తీసేశాను. పొత్తు కుదిరింది.

మంత్రి వచ్చినప్పుడు మూడు రోజులు నన్ను ఠాణాలో కూర్చోబెట్టారు. మంత్రి చుట్టుపక్కల ప్రమాదకరమైన మనుషులు తిరగకూడదట. నాలుగో రోజు జమేదారు వచ్చి, 'నువ్వేం నేరం చెయ్యలేదని పై నుంచి కాయితం వచ్చింది, ఇంటికి పో' అన్నాడు. మంగళవారం దాకా నన్ను చూస్తే సర్కారు వణికింది. బుధవారానికి నేను ఈగను కూడా చంపనిదాన్ని. నా జన్మలో ఇంత తొందరగా ఏ పనీ కాలేదు. వారం తర్వాత ఇంకో కాగితం వచ్చింది. రాజకీయ బాధితురాలిగా నా దరఖాస్తును తిరస్కరించారట. నేను దరఖాస్తే పెట్టలేదు.

నువ్వు నా తరఫున చెప్పిన మాటకు ఏమని రాయాలో నాకు తెలియలేదు. పంతులమ్మ అది నేర్పలేదు. కాగితంలో లేకపోతే లేదు. గుమ్మం దగ్గర అంతయ్య విన్నాడు.

నువ్వు పిచ్చిదానివి కావని కనకి ఆఫీసరుకు ఉత్తరం రాయమంటోంది. ఆపాను. మన ఇద్దరి సాక్ష్యమే చెల్లలేదు, మూడోది ఎందుకు దండగ.

గడీలో ఒక్కదానివే ఉన్నావు. నీళ్ళు తోడే మనిషి, దంచే మనిషి, వడ్డించే మనిషి, పక్క వేసే మనిషి, అందరూ నువ్వే. ఒక్క కడుపు నింపడానికి ఎన్ని చేతులు కావాలో ఇప్పటికి తెలిసి ఉంటుంది. బియ్యానికి రెండింతలు నీళ్ళు పొయ్యి. ఎసరు కాగాకే బియ్యం వెయ్యి. మంట తగ్గించడం మరిచిపోకు, నువ్వు మరిచిపోతావు. గంజి పారబొయ్యకు. ఖద్దరుకు పెట్టమనడం లేదు, తాగు.

శంకరవ్వ


బొమ్మెనపల్లి,
11 ఆగస్టు 1962

శంకరవ్వకు,

మొదటి పది రోజులు మాడినన్నమే తిన్నాను. ఇప్పుడు పరవాలేదు. చేతులు బొబ్బలు కట్టి, పగిలి, మొద్దుబారాయి. ఎవరికీ చూపించుకోవడం లేదు, నీకు రాస్తున్నాను.

ఆయన గెలిచారు. చాలా ఓట్ల తేడాతో గెలిచారు. హైదరాబాదులో ఉంటున్నారు. నన్ను తీసుకుపోవడానికి కారు పంపారు. నా తలనొప్పి ఇంకా తగ్గలేదని చెప్పి ఖాళీ కారు తిప్పి పంపాను. ఈ జబ్బు ఇంత సుఖంగా ఉంటుందని తెలిస్తే ముందే తెచ్చుకునేదాన్ని.

ఊళ్ళో వాళ్ళు మొదట నాతో మాట్లాడేవాళ్ళు కాదు. ఎందుకు మాట్లాడాలి? నేను బావి దగ్గర బొక్కెన తాడు వదిలేసుకుంటే మాత్రం ఆడవాళ్ళు కడుపుబ్బ నవ్వారు. ఆ రోజు నుంచి కొంచెం కొంచెం మాట్లాడుతున్నారు.

మంత్రిగారి కారు కోసం వేసిన రోడ్డు మీద ఇప్పుడు జగిత్యాల నుంచి బస్సు వస్తోంది. ఆ రాయి ఉన్న మలుపులోనే ఆగుతుంది. మీ దొరవారు పట్టుబట్టి స్టేజికి 'లక్ష్మీకాంతనగర్' అని పేరు పెట్టించారు. రేకు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాయించారు.

నిన్న కళ్ళజోడు కోసం జగిత్యాల వెళ్ళి, సాయంత్రం బస్సుకు తిరిగి వస్తున్నాను. సంత నుంచి వచ్చే జనం. నేను కిటికీ పక్కన ఉన్నాను, నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. మలుపు దగ్గరకు రాగానే కండక్టరు తలుపు మీద చరిచి అరిచాడు.

'శంకరవ్వ రాయి! శంకరవ్వ రాయి దిగేటోళ్ళు జల్ది ముందటికి రాండ్రి!'

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. గంపలు, కోళ్ళు, పిల్లలతో ఒక పదిమంది లేచారు. నేను అతని పక్కకు వెళ్ళి అడిగాను. 'ఈ స్టేజికి వేరే పేరుంది కదా బాబూ?'

అతను నన్ను దిగమన్నట్టు చెయ్యి అందించాడు. 'కాయితం మీద ఏదో ఉన్నది అవ్వా. గని గా పేరు చెప్తే ఎవ్వలు దిగుతలేరు.'

నేను దిగాను.

మనోరమ